దొంగ చేతికి తాళంచెవి

(నల్లగొండలో ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయ పాఠకుల సమావేశంలో, కంప్యూటర్ మరమ్మతు దుకాణం నడిపే ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు కరపత్రంలో 'సైబర్ భద్రత' అని వేశారు. అంత పెద్ద మాట నా నోట పట్టదు. గడియారం సెంటర్ దగ్గర పందొమ్మిదేళ్లుగా కంప్యూటర్లు విప్పి బిగించే పని చేస్తున్నాను. నాకు తెలిసింది మరమ్మతు. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. ఇంట్లో కంప్యూటర్‌లో దొంగ యాంటీవైరస్ చేరితే దాన్ని ఎలా వెళ్లగొట్టాలి అన్నదే ఆ విషయం. రాసుకునేవాళ్లు రాసుకోండి. కునుకు తీసేవాళ్లకు వెనక ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొన్న ఎండాకాలంలో మా మాస్టారు ఒకరు దుకాణానికి వచ్చారు. తొమ్మిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పినవారు. స్కూటర్ మీద కాళ్ల దగ్గర సీపీయూ పెట్టుకుని, దానికి ఎండ తగలకుండా తడి తువ్వాలు కప్పి తెచ్చారు. ఆ తడి తువ్వాలు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. (నవ్వులు) "బాబూ, ఇందులో 37 వైరస్‌లు ఉన్నాయి, తీసెయ్యి" అన్నారు. ఎవరు లెక్కపెట్టారు మాస్టారూ అని అడిగాను. "అదే చెప్పింది" అన్నారు.

మా మాస్టారి సంగతి మీలో చాలామందికి తెలియదు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో స్టెప్పులు రాయకపోతే సున్నా వేసేవారు. జవాబు పక్కవాడి కాగితంలోనూ దొరుకుతుంది, స్టెప్పులు చూపించు అనేవారు. అలాంటి మనిషి, ఒక తెర 37 అనగానే నమ్మేశారు. ఏ ఫైలులో ఉంది, ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని పేరేమిటి అని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. ఈ సంగతి చెప్పమని ఆయనే అన్నారు. పేరు మాత్రం నేను చెప్పను.

విప్పి చూస్తే ఆ కంప్యూటర్‌లో వైరస్ ఒక్కటీ లేదు. బ్రౌజర్‌లో, అంటే వెబ్‌సైట్లు తెరిచే క్రోమ్ లాంటి ప్రోగ్రామ్‌లో, ఏదో వెబ్‌సైట్‌కు ఇచ్చిన అనుమతి ఒకటి ఉంది, అంతే. దాన్ని తీసేయడానికి నాకు నిమిషం పట్టలేదు. కానీ అప్పటికే ఆయన 2,499 రూపాయలు కట్టి, 'ఏడాది రక్షణ' కొనుక్కుని ఉన్నారు. కార్డు నంబరు కూడా అక్కడే ఇచ్చేశారు. ఆ కార్డును ఆపించడానికి పట్టిన సమయంతో పోలిస్తే, కంప్యూటర్ బాగుచేయడానికి పట్టింది లెక్కలోకే రాదు.

దొంగ యాంటీవైరస్ అంటే ఇదే. ఇంట్లో దొంగలు పడ్డారని అరిచి, కాపలాకు నన్ను పెట్టుకోండి అని, తాళంచెవి తీసుకుని పోయేవాడు. ఇది కొత్త వ్యాపారం కాదు. నేను దుకాణం తెరిచిన కొత్తలో విన్‌ఫిక్సర్ అని ఒకటి తిరిగేది. తర్వాత యాంటీవైరస్ ఎక్స్‌పీ 2008 వచ్చింది, ఆ తర్వాత యాంటీవైరస్ 2009 వచ్చింది. పంచాంగం మారినట్టు పేరులో సంవత్సరం మారేది, లోపలి సరుకు అదే. 2008 డిసెంబరులో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి సరుకు అమ్మే ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే కంపెనీ మీద కోర్టుకు వెళ్లింది. పది లక్షల మందికి పైగా వీళ్ల బారిన పడ్డారని చెప్పింది. 2011 జూన్‌లో ఎఫ్‌బీఐ ఇంకో ముఠాను పట్టుకుంది. 9,60,000 మంది దగ్గర వాళ్లు లాగిన సొమ్ము 7.2 కోట్ల డాలర్లు. ఒక్కొక్కరి దగ్గర 129 డాలర్ల దాకా వసూలు చేశారు. ఇంత పెద్ద వ్యాపారంలో తయారీ ఖర్చు ఏముంది చెప్పండి. ఒక బొమ్మ, ఒక ఎర్ర గీత, ఒక సైరన్ శబ్దం.

ఇందులో నాకూ ఒక వాటా ఉంది. ఒప్పుకుంటాను. 2009లో కాన్ఫికర్ అనే పురుగు ప్రపంచమంతా పాకింది. నెట్‌వర్క్ గుండా పాకేది, పెన్‌డ్రైవ్ ఎక్కి కూడా పాకేది. పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతట అదే తెరుచుకునే సౌకర్యం అప్పట్లో విండోస్‌లో ఉండేది కదా, దాన్ని వాడుకునేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ పురుగు స్పైవేర్ ప్రొటెక్ట్ 2009 అనే దొంగ యాంటీవైరస్‌ను కూడా దింపడం మొదలుపెట్టింది. 49.95 డాలర్లు కడితే శుభ్రం చేస్తానని అడిగేది. నా దగ్గర ఒక ఎర్ర పెన్‌డ్రైవ్ ఉండేది. శుభ్రం చేసే సాధనాలన్నీ అందులోనే. రామగిరిలో ఒక ఇంట్లో గుచ్చి, అదే పట్టుకెళ్లి ప్రకాశం బజారులో ఒక కొట్లో గుచ్చి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి. వైద్యుడే రోగాన్ని ఇంటింటికీ మోశాడు. ప్రతి ఇంట్లో వంద రూపాయలు తీసుకున్నాను కూడా. పది రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు, నేను వెళ్లి వచ్చిన ఇళ్ల నుంచే మళ్లీ ఫోన్లు వస్తున్నాయని. అలాగే, క్రాక్ చేసిన యాంటీవైరస్ సీడీ యాభై రూపాయలకు వేసిన రోజులు కూడా ఉన్నాయి. తాళం పగలగొట్టిన కాపలాదారును కొనుక్కోవడం ఎంత తెలివైన పనో ఇప్పుడు నవ్వు వస్తుంది. అప్పుడు మాత్రం గిరాకీ బాగుండేది.

సరే, అసలు పనిలోకి వద్దాం.

మీ తెర మీద ఎర్రగా ఏదో అరుస్తోందంటే మొదట తేల్చుకోవలసింది, అది బ్రౌజర్ లోపల అరుస్తోందా, బయటా అని. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ బ్రౌజర్ రకమే. ఒక వెబ్‌పేజీ తెరంతా పరుచుకుని విండోస్ బొమ్మలా నటిస్తుంది. దాని మీద ఒక గడియారం తిరుగుతుంటుంది, ఒక ఫోన్ నంబరు ఉంటుంది. ఆ ఫోన్ నంబరే మొదటి ఆధారం. మైక్రోసాఫ్ట్ పంపే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ సంగతి మైక్రోసాఫ్టే చెబుతుంది.

ఆ పేజీని మూయడానికి దాని మీద ఉన్న గుర్తును నొక్కకండి. ఆ మూత గుర్తు కూడా బొమ్మలో భాగమే కావచ్చు. నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. మౌస్ వదిలేసి కీబోర్డు పట్టుకోండి. ఎస్కేప్ కీని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి, లేదా ఎఫ్ 11 నొక్కండి. తెరంతా పరుచుకున్నది చిన్నదవుతుంది. అప్పుడు ఆల్ట్ పట్టుకుని ఎఫ్ 4 నొక్కితే మూసుకుంటుంది. అప్పటికీ మొండికేస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మీ బ్రౌజర్ పేరు ఎంచుకుని 'ఎండ్ టాస్క్' అనండి. తర్వాత బ్రౌజర్‌ను మళ్లీ తెరిచినప్పుడు, పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని మర్యాదగా అడుగుతుంది. వద్దనండి. ఈ ఒక్క చోట అలవాటుగా సరే అని, మళ్లీ అదే పేజీ చూసి, వైరస్ పోలేదని ఏడ్చినవాళ్లు నా దగ్గరకు ఎందరో వచ్చారు.

ఇంకొన్ని పేజీలా కాకుండా, తెర కింద కుడి మూలన చిన్న చీటీల్లా వస్తాయి. మీ మెకాఫీ గడువు తీరింది, మీ ఫొటోలు ప్రమాదంలో ఉన్నాయి అని ఒకదాని మీద ఒకటి. మెకాఫీ నిజమైన యాంటీవైరస్ కంపెనీయే, కానీ ఆ చీటీలు దానివి కావు. మాస్టారికి వచ్చినవి ఇవే. పదో తరగతి ఫలితాలు చూద్దామనో, కొత్త సినిమా ఉచితంగా దొరుకుతుందనో ఒక వెబ్‌సైట్ తెరుస్తాం. అక్కడ 'మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి' అని ఉంటుంది. మనం మనుషులమే కదా అని నొక్కుతాం. రోబోలకూ ఆ మీటకూ సంబంధమే లేదు. అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ తెర మీద చీటీలు అంటించుకోవడానికి ఆ వెబ్‌సైట్‌కు మీరు ఇచ్చిన అనుమతి. బ్రౌజర్‌లో ఆ పేజీ మూసేసినా అనుమతి అలాగే ఉంటుంది.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం మీద పగలంతా కదలకుండా ఒక స్తంభం నీడ పడుతుంది. అది ఏ స్తంభం నీడ అని వెతికితే ఎదురుగా స్తంభం కనిపించదు. వెలుతురు ఎటు నుంచి, ఏ సందుల్లో నుంచి వస్తోందో లెక్క కట్టినవాళ్లకే అది అర్థమైంది. కట్టినవాళ్ల నేర్పు అది. ఈ చీటీల పని కూడా అలాంటిదే, నేర్పు దొంగలది. నీడ కనిపిస్తోంది, స్తంభం లేదు. వచ్చిన చీటీని వచ్చినట్టు మూసేస్తూ కూర్చోవడం నీడను గుడ్డతో తుడవడం. వెలుతురు వచ్చే సందు మూయాలి. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని పేరు ప్రతిదీ తీసేయండి. అన్నీ తీసేసినా కొంప మునగదు. ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో కూడా నోటిఫికేషన్స్ అన్న మాట వెతికితే దొరుకుతుంది. ఫోన్‌లో క్రోమ్‌కూ ఇదే మందు.

రెండో రకం కాస్త గట్టిది. ఇది నిజంగానే ప్రోగ్రామ్‌గా కంప్యూటర్‌లో చేరుతుంది. ఉచిత వీడియో ప్లేయర్‌తోనో, క్రాక్ చేసిన ఆటతోనో, పీడీఎఫ్ మార్చే సాధనంతోనో కలిసి వస్తుంది. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతే మధ్యలో ఒక పెట్టెలో టిక్ పెట్టి ఉంటుంది. ఆ టిక్ మనం పెట్టింది కాదు, కానీ తీయకపోతే మనం ఒప్పుకున్నట్టే.

దీన్ని తీయాలంటే ముందు నెట్ ఆపండి. తీగ ఉంటే పీకేయండి, వైఫై ఉంటే ఆపేయండి. నెట్ ఉన్నంతసేపు అది తన చుట్టాలను రప్పించుకుంటూనే ఉంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కు వెళ్లి, జాబితాను తేదీ వరుసలో పెట్టండి. గోల మొదలైన రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు చేరినవేమిటో పేరుపేరునా చూడండి. దొంగ ఒక్కడే వచ్చి ఉండకపోవచ్చు. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే కొన్ని బతిమాలతాయి, కొన్ని బెదిరిస్తాయి. 'మీ కంప్యూటర్ రక్షణ కోల్పోతుంది, ఉంచమంటారా' అని అడిగి, పెద్ద పచ్చ మీట ఉంచడానికి పెడతాయి, తీయడానికి మాత్రం బూడిద రంగులో చిన్న అక్షరాలు. చదివి నొక్కండి. కళ్లజోడు పెట్టుకుని చదవండి.

కదలనని భీష్మించుకుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. పెళ్లింట్లో గొడవ జరిగితే చుట్టాలందరినీ బయట ఆపి ఇంటివాళ్లను మాత్రమే లోపలికి రానిచ్చినట్టు, సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరి అయినవాటినే లేపుతుంది. దొంగ ప్రోగ్రామ్ లేవకపోతే దాన్ని పట్టుకోవడం సులువు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలి తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌తో కలిపి సేఫ్ మోడ్. ఎఫ్ 8 నొక్కే రోజులు పోయాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు గుప్తలిపి రక్షణ ఉంటుంది. అలాంటివి సేఫ్ మోడ్‌కు వెళ్లేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇప్పుడు నిజమైన యాంటీవైరస్‌తో వెతకాలి. దీనికి డబ్బు పెట్టి ఏమీ కొనక్కర్లేదు. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ పుట్టుకతోనే ఉంటుంది. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో, స్కాన్ ఆప్షన్స్ కింద ఫుల్ స్కాన్ ఉంటుంది. గంటలు పట్టినా పట్టనివ్వండి. దాని కిందే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. నాకు దాని మీద గురి ఎక్కువ. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, దాక్కోవడానికి దొంగకు గుమ్మం చాటు కూడా దొరకదు. పావుగంట పని. రెండో వైద్యుడి మాట కూడా కావాలనుకుంటే మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రకం వాడండి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెరిచిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో కూడా శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఏది దించుకున్నా ఆ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో పైన ప్రకటనగా కనిపించేదాన్ని నొక్కితే మళ్లీ మొదటికే వస్తాం. వీలైతే ఆరోగ్యంగా ఉన్న ఇంకో కంప్యూటర్‌లో దించుకుని తేవడం మేలు. పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం నా కథ గుర్తుంచుకోండి.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది లేచిపోతారు. మర్నాడు ఫోన్ చేస్తారు: వైరస్ పోయింది గానీ నెట్ పోయింది, నువ్వే ఏదో చెడగొట్టావు అని. కొన్ని దొంగ ప్రోగ్రామ్‌లు మీ నెట్ దారిని తమ గుండా తిప్పుకుంటాయి. అవి పోయినా ఆ మళ్లింపు పోదు. సెట్టింగ్స్, నెట్‌వర్క్, ప్రాక్సీలో చూడండి. మీరు పెట్టని ప్రాక్సీ ఏదైనా ఉంటే, ముఖ్యంగా 127.0.0.1 అని, అంటే మీ కంప్యూటర్‌నే చూపే చిరునామా ఉంటే, ఆపేయండి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి తగిలించిన చిన్న ప్రోగ్రామ్‌లు చూడండి. తెలియనివి తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్, అంటే కంప్యూటర్‌తో పాటే లేచేవి చూడండి. చివరగా డిఫెండర్ మళ్లీ లేచిందో లేదో చూడండి. దొంగ మొదట చేసే పని ఇంటి కుక్కను కట్టేయడమే కదా.

ఇప్పుడు మూడో రకం. ఇందులో ప్రోగ్రామ్ కన్నా మనిషి ముఖ్యం. తెర మీది నంబరుకు మనమే ఫోన్ చేస్తాం, లేదా వాళ్లే చేస్తారు. మైక్రోసాఫ్ట్ నుంచి అంటారు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ గానీ టీమ్‌వ్యూయర్ గానీ వేయమంటారు. ఇవి దొంగ ప్రోగ్రామ్‌లు కావు, మేము కూడా రోజూ వాడేవే. కానీ వాటిలో కనిపించే అంకెలు చదివి చెప్పారంటే మీ కుర్చీలో వాడిని కూర్చోబెట్టినట్టే. ఆ తర్వాత వాడు ఈవెంట్ వ్యూయర్ అనేదాన్ని తెరుస్తాడు. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల్లో ఉంటాయి. చూశారా, మీ సిస్టమ్ చచ్చిపోతోంది అంటాడు. నా దుకాణంలో నిన్న విప్పిన కొత్త కంప్యూటర్‌లోనూ అవి ఉంటాయి. ప్రింటర్ ఒక క్షణం ఆలస్యంగా పలికినా రాసుకునే చిట్టా అది. మనిషి తుమ్మినప్పుడల్లా రాసిపెట్టి, ఇన్ని తుమ్ములా, ఇక కష్టం అన్నట్టు. ఇంకొకడు నల్లటి కిటికీ తెరిచి 'ట్రీ' అని కొడతాడు. ఫోల్డర్ల పేర్లు జలజలా కిందికి పారతాయి. అది ఫోల్డర్ల జాబితా చూపే పాత ఆజ్ఞ, వెతుకులాట కాదు. ఆ జాబితా అయ్యాక అడుగున 'వైరస్ దొరికింది' అని వాడే టైప్ చేస్తాడు. చూస్తుండగానే.

ఆ ఫోన్ చేసేవాళ్లు విదేశాల్లో ఉంటారనుకోకండి. 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర-2 పేరుతో సీబీఐ దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులు కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ కాల్ సెంటర్ పెట్టి, విదేశాల్లోని వాళ్లకు సాంకేతిక సహాయం పేరుతో ఫోన్లు చేసేవాళ్లు. అటువైపు మోసపోయే ముసలివాళ్లు ఎవరో పరాయివాళ్లు. ఇటువైపు కూర్చుని చదివిన చదువంతా దీనికి ఖర్చుపెట్టేవాళ్లు మన పిల్లలు. ఉద్యోగం దొరికిందని ఇంట్లో స్వీట్లు పంచిన పిల్లలు. ఈ మాట ఇక్కడ కూర్చున్న డిగ్రీ విద్యార్థుల కోసం చెబుతున్నాను. ఏ కాల్ సెంటర్‌లో చేరుతున్నారో, ఏం చెప్పమంటున్నారో చూసుకుని చేరండి.

వాడికి కంప్యూటర్ అప్పగించేశాం, ఓటీపీ చెప్పేశాం, ఇప్పుడేమిటి? కంప్యూటర్ సంగతి తర్వాత. నెట్ పీకేసి, వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు ఇంకా ఎవరి ఖాతాలోనైనా ఆగి ఉంటే దాన్ని అక్కడే నిలపడానికి వీలవుతుంది. ఆలస్యం చేస్తే ఖాతాలు దాటిపోతుంది. మన తప్పు వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017లో ఆదేశం ఇచ్చింది. కాబట్టి చెప్పిన సమయం ముఖ్యం. పాస్‌వర్డులు మార్చండి, కానీ ఆ కంప్యూటర్‌లో కాదు, వేరే ఫోన్‌లోనో ఇంకొకరి దగ్గరో. రోగం ఉన్న చోటే కొత్త తాళం వేస్తే దాని చెవి కూడా వాడికే. ఇంట్లో ఎవరు చేసినా తిట్టకండి. తిడతారన్న భయంతో రెండు రోజులు దాచి, సిగ్గుతో చచ్చి, మూడో రోజు చెప్పేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ఒక్క సంగతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. అన్నీ చీకటి ముఠాలే చేస్తాయనుకోకండి. అమెరికాలో ఆఫీస్ డిపో అని పెద్ద దుకాణాల గొలుసు ఉంది. ఉచితంగా మీ కంప్యూటర్ పరీక్ష చేస్తామనేవాళ్లు. పరీక్షకు ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవారు: మీ సిస్టమ్ నెమ్మదిగా ఉందా, తరచూ ఆగిపోతోందా, ఇలాంటివి. ఏ ఒక్కదానికి అవునన్నా, పరీక్ష చివర రోగలక్షణాలు దొరికాయని వచ్చేది. మిగతా వెతుకులాటకూ ఆ జవాబుకూ సంబంధం లేదు. మన కష్టం మనతోనే చెప్పించుకుని మనకే జోస్యం చెప్పినట్టు. 2019లో ఆ సంస్థ, దానికి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి కేసు తేల్చుకున్నాయి. 2014లో అయితే గూగుల్ ప్లేలో వైరస్ షీల్డ్ అని ఒక యాప్ 3.99 డాలర్లకు అమ్ముడుపోయింది. అది చేసేది ఒక్కటే. నొక్కితే ఇంటూ గుర్తు పోయి టిక్ గుర్తు వస్తుంది. పదివేల మందికి పైగా కొన్నాక గానీ ఎవరూ లోపల చూడలేదు. గూగుల్ డబ్బు తిరిగి ఇచ్చింది. మాస్టారూ, వాళ్లూ స్టెప్పులు అడగలేదు. (నవ్వులు)

ఇక అడగండి.

(నాంపల్లి మండలం నుంచి వచ్చిన ఒక రైతు: మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఉన్నది అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?)

మీరు పత్తి వేస్తారు కదా అన్నా. నకిలీ విత్తనం ప్యాకెట్ అసలు దానికంటే తళతళలాడుతుంది. అందుకే లైసెన్సు ఉన్న కొట్లో కొనమని, బిల్లు, ప్యాకెట్, లాట్ నంబరు దాచమని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతారు. ఇక్కడా బిల్లు ఉంది. విండోస్ సెక్యూరిటీలో సెట్టింగ్స్ తెరిస్తే, మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటుంది. అసలైన యాంటీవైరస్ అక్కడ తన పేరు నమోదు చేసుకుంటుంది. మీ అబ్బాయి తెర మీద అరిచేది ఆ జాబితాలో లేకపోతే అనుమానించాలి. చాలా ప్రోగ్రామ్‌లు వేసేటప్పుడు విండోస్ ఒకసారి అడుగుతుంది, వెరిఫైడ్ పబ్లిషర్, అంటే తయారు చేసినవాళ్ల పేరు కూడా చూపిస్తుంది. 'అన్‌నోన్' అని ఉంటే ఆగండి. పేరు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, ఆ పేరు చూపించే డిజిటల్ సంతకాలు కొనుక్కున్న దొంగలూ ఉన్నారు. కుర్రవాళ్లకు ఒక పరీక్ష చెబుతాను. ఐకార్ అనే సంస్థ 68 అక్షరాల పరీక్ష ఫైలు ఒకటి ఇస్తుంది. హాని చేయదు. అసలైన యాంటీవైరస్‌లన్నీ దాన్ని చూడగానే పట్టుకోవాలని ఒప్పందం. దాన్ని దించుకోగానే మీ యాంటీవైరస్ పలకకపోతే అది దండగ. పలికితే మాత్రం అసలుదే అని తీర్మానించకండి, దాన్ని పట్టుకోవడం దొంగకూ పెద్ద కష్టం కాదు.

(ఒక గృహిణి: మా వీధిలో కంప్యూటర్ అబ్బాయి దేనికైనా ఫార్మాట్ చేయాలనే అంటాడు.)

ఫార్మాట్, అంటే డిస్కంతా తుడిచి విండోస్ మళ్లీ వేయడం, మాకు సులువమ్మా. గంట పని, ఆలోచించే పని లేదు, చేతికి డబ్బు వస్తుంది. మీ పెళ్లి ఫొటోలు మాకు పట్టవు. బ్రౌజర్ చీటీలకు ఫార్మాట్ చేశాడంటే పేను కోసం గుండు కొట్టినట్టే. కానీ వేరే మనిషి మీ కంప్యూటర్‌ను దూరం నుంచి గంటలకొద్దీ వాడి ఉంటే, లేదా ఆఫ్‌లైన్ స్కాన్ తర్వాత కూడా అది మళ్లీ మళ్లీ లేస్తుంటే, నేనైనా ఫార్మాటే అంటాను. అప్పుడు కూడా ముందు ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి తీసుకోండి. ప్రోగ్రామ్‌లు తీసుకోకండి, వాటితో పాటే అదీ వస్తుంది.

(ముందు వరుస నుంచి మాస్టారు: నాది విండోస్ 10. గడువు తీరిందని మళ్లీ వస్తోంది. ఇదీ దొంగదేనా?)

ఇది మంచి ప్రశ్న మాస్టారూ. ఎందుకంటే ఈసారి అది నిజం కావచ్చు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు భద్రతా మార్పులు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా ఇచ్చే పథకం పెట్టింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల వివరాలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయని చెప్పింది. దొంగలకు ఇది పండగ. గడువు తీరిందనే అబద్ధం పక్కన నిజమైన గడువు దొరికింది. అందుకని చీటీ చెప్పింది నిజమా కాదా అని ఆ చీటీనే అడగకండి. దాన్ని ముట్టుకోకుండా, మీరే స్టార్ట్ నొక్కి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్లండి. గడువు నిజమైతే అక్కడా కనిపిస్తుంది. మీ డబ్బు తిరిగి ఇస్తామని ఎవరైనా ఫోన్ చేశారా? చేశారా... అది అదే ముఠా, రెండో విడత. ఒకసారి ఇచ్చినవాళ్ల జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ నంబరు నాకు చూపించండి, 1930 ఫిర్యాదుకు దాన్ని కూడా జోడిద్దాం.

గ్రంథాలయం మూసే వేళ అయింది, వాచ్‌మన్ రెండుసార్లు తొంగి చూశాడు. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లు వరండాలోకి రండి, అక్కడ ప్లగ్గు ఉంది, ఒక్కొక్కటిగా చూస్తాను. పెన్‌డ్రైవ్‌లు తెచ్చినవాళ్లు మాత్రం జేబులోనే ఉంచుకోండి.